లేహ్‌లో చూసిన ముళ్ళపొద భీమిలి ఇసుకలో కాస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి సైన్యంలో పనిచేస్తూ లేహ్‌లో ఉంటున్నాడు. పోయిన భాద్రపదంలో నేను, మావారు అక్కడికి వెళ్ళాము. సింధు నది ఒడ్డున ఇసుకలో, రాళ్ళలో నారింజ రంగు పండ్లతో విరగకాసిన ముళ్ళపొదలు చూశాము. సీబక్‌థార్న్ అంటారట. ఆ పండ్ల రసం తాగించారు. పొలాల చుట్టూ కంచె కూడా ఆ ముళ్ళతోనే కట్టుకుంటున్నారు. మాకు భీమిలి దగ్గర, సముద్రానికి కిలోమీటరు దూరంలో అర ఎకరం ఇసుక నేల ఉంది. ఉత్తరం, పడమర వైపుల ప్రహరీ ఉంది. తూర్పు, దక్షిణం వైపుల కలిపి మూడు వందల అడుగుల మేర ఏ అడ్డూ లేదు. మేకలు వచ్చి ఏ మొక్కనూ బతకనివ్వడం లేదు. ఐరోపాలో ఈ పొద సముద్రపు ఒడ్డునే పెరుగుతుందని చదివాను కాబట్టి ఉప్పుగాలికి భయం లేదనుకున్నాను. గుప్పెడు విత్తనాలు తెచ్చుకున్నాను. అంతర్జాలంలో మొక్కలు కూడా అమ్ముతున్నారు. రెండు వందల మొక్కలు తెప్పించి కంచెగా వేయవచ్చా? మా దగ్గర వేడి ఎక్కువంటే, చింతపల్లి మండలంలో ఉపాధ్యాయుడిగా ఉన్న మా తమ్ముడు తన పాఠశాల చుట్టూ వేస్తానంటున్నాడు. సలహా ఇవ్వగలరు.
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం:

అమ్మా,

ఆ రెండు వందల మొక్కలకు డబ్బు పంపకండి. మీరు చూసిన పొద గొప్పదే, మీ అవసరమూ న్యాయమైనదే. కానీ భీమిలిలో అది కంచెగా ఎదగదు, కాయదు. ఇంత సూటిగా చెప్పడానికి కారణం ఉంది. మూడు వందల అడుగుల కంచె నిలబడాలంటే మూడు నాలుగేళ్ళు పడుతుంది. ఎదగని మొక్కకు నీళ్ళు పోస్తూ ఆ ఏళ్ళు గడిపేస్తే తిరిగి రావు. అది ఎందుకు కుదరదో ముందు చెప్పి, మీ నేలలో ముళ్ళూ పండ్లూ రెండూ ఇచ్చే మన పొద గురించి తర్వాత వివరంగా రాస్తాను.

నేల విషయంలో మీ ఊహ సరైనదే. సీబక్‌థార్న్ ఇసుకకు భయపడదు, ఉప్పుకూ భయపడదు. ఉత్తర ఐరోపాలో బాల్టిక్ తీరపు ఇసుక దిబ్బల మీద సహజంగా పెరుగుతుంది. వేళ్ళ నుంచి పిలకలు వేసుకుంటూ పాకి ఇసుకను కదలకుండా పట్టి ఉంచుతుంది. దాని వేరు బుడిపెల్లో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి ఉండి గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది కాబట్టి సారం లేని నేలలోనూ బతుకుతుంది. చైనాలో కోతకు గురైన మెట్ట భూములను నిలబెట్టడానికి దీనిని పెద్దఎత్తున నాటారు. ఇంతవరకూ మీ లెక్కలో పొరపాటు ఏమీ లేదు.

అడ్డంకి చలి. చలి ఎక్కువైతే దానికి ఇబ్బంది లేదు. చలి లేకపోతేనే ఇబ్బంది. సున్నాకు నలభై డిగ్రీల దిగువన కూడా ప్రాణం నిలుపుకునే మొక్క ఇది. శీతకాలంలో ఆకులన్నీ రాల్చి నిద్రావస్థలోకి వెళ్తుంది. ఆ నిద్ర తీరాలంటే వారాల తరబడి దాదాపు గడ్డకట్టేంత చలి ఉండాలి. అలా గడిచాకే మొగ్గలు ఒక్కసారిగా విచ్చుకుంటాయి, ఆకులు రాకముందే పూత వస్తుంది. ఆపిల్‌కు ఉన్న నియమమే దీనికీ ఉంది. లేహ్ సముద్రమట్టానికి దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. చలికాలపు రాత్రి సున్నాకు ఇరవై డిగ్రీల దిగువకు పోవడం అక్కడ వింత కాదు. మన తీరంలో సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున కూడా పదిహేను డిగ్రీల కిందికి దిగడం అరుదు. మొక్కకు నిద్ర పట్టదు, పట్టినా తీరదు. మొగ్గలు ఒకటి ఇప్పుడు, ఒకటి అప్పుడు అన్నట్టు విచ్చుకుని, చివరికి కొమ్మలే ఎండుతూ వస్తాయి.

దానికి తోడు వాన. లేహ్‌లో ఏడాది మొత్తానికి కురిసేది సుమారు 100 మిల్లీమీటర్లు. విశాఖలో 1,000 మిల్లీమీటర్లు దాటుతుంది. అక్కడి పొదకు కావలసిన నీరు నది ఒడ్డున వేళ్ళకు అందుతుంది. ఆకుల మీద గాలి మాత్రం పొడిగా ఉంటుంది. మన దగ్గర ఆషాఢం నుంచి కార్తికం దాకా గాలే తడిగా ఉంటుంది. ఆ ఉక్కకు వేరుకుళ్ళు, ఎండుతెగులు తగులుకుంటాయి. ఇసుక నేల నీటిని త్వరగా దించేస్తుంది కాబట్టి కొంత మేలే గాని, గాలిలోని తేమను ఏ నేలా దించలేదు.

ఇక చింతపల్లి మాట. ఆ మండలంలోని లంబసింగి పేరు విన్నప్పుడల్లా ఈ ఆశ చాలామందికి కలుగుతుంది. దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు, డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో కొన్నిసార్లు సున్నా దగ్గరికి వెళ్ళే చలి. కానీ ఆ చలి కొన్ని గంటలదే. పొద్దెక్కి మంచు విడిపోయాక ఎండ కాస్తుంది, మధ్యాహ్నానికి చొక్కా చాలు. రాత్రి కూడబెట్టుకున్న చలిని పగటి వెచ్చదనం చెరిపేస్తుంది. సీబక్‌థార్న్‌కు కావలసింది పగలూ రాత్రీ కలిసి నెలల తరబడి సాగే చలి. పైగా మన్యంలో వానలు తీరం కంటే తక్కువేమీ కావు. లంబసింగి చలిలో స్ట్రాబెర్రీ బాగా వస్తోంది. ఆ చలి చాలే పంటలు ఉన్నాయి, కానీ ఇది వాటిలోది కాదు. పాఠశాల చుట్టూ అయితే అసలు ముళ్ళపొదే వద్దని నా అభిప్రాయం. బంతి కోసం పిల్లలు కంచెలోకి చేతులు పెడతారు. గోరింట, మందార కలిపి వరుసగా వేస్తే దట్టంగా అల్లుకుంటాయి, ఆషాఢంలో ఆడపిల్లల చేతులూ పండుతాయి. చింతపల్లిలోనే ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి ప్రాంతీయ పరిశోధనా స్థానం ఉంది. మీ తమ్ముడు అక్కడికి వెళ్ళి అడిగితే ఆ నేలకు తగినవి చెబుతారు.

అంతర్జాలంలో అమ్మే మొక్కల గురించి ఒక హెచ్చరిక. సీబక్‌థార్న్‌లో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. పండ్లు ఆడ మొక్కకే వస్తాయి, అదీ దగ్గరలో మగ మొక్క ఉండి గాలికి పుప్పొడి చేరితేనే. తోటల్లో ఆరు నుంచి ఎనిమిది ఆడ మొక్కలకు ఒక మగ మొక్క చొప్పున నాటుతారు. గింజ నుంచి వచ్చిన మొక్క ఏదో పూత వచ్చేదాకా, అంటే మూడు నాలుగేళ్ళ దాకా తెలియదు. అందుకే జర్మనీలో లైకోరా, హెర్గో వంటి ఆడ రకాలను, పోల్‌మిక్స్ అనే మగ రకాన్ని కొమ్మల ద్వారా పెంచి, ఏది ఏమిటో రాసి అమ్ముతారు. మన దగ్గర పండ్ల బొమ్మ చూపించి సంచిలో అమ్మే మొక్క ఆడదో మగదో అమ్మేవారికే తెలియకపోవచ్చు. అది అసలు సీబక్‌థార్నేనా అన్నది కూడా చూడాలి. విదేశాల నుంచి తెప్పిస్తామని ఎవరైనా అంటే, దిగుమతి అనుమతి, మొక్కల క్వారంటైన్ పరీక్ష లేకుండా విత్తనాలు గాని మొక్కలు గాని తేవడం చట్టవిరుద్ధమని గుర్తుంచుకోండి. ఆ నిబంధనలు ఊరికే పెట్టినవి కావు. మొక్కతోపాటు తెగులు కూడా దేశంలోకి వస్తుంది.

మీరు తెచ్చుకున్న గింజలు లదాఖ్‌వే కాబట్టి వాటితో ఆ చిక్కు లేదు. వాటిని పారేయమని అనను. తడి ఇసుకలో కలిపి డబ్బాలో పెట్టి, ఫ్రిజ్ కింది అరలో రెండు నెలలు ఉంచండి. అక్టోబరు చివర తీసి, ఇసుక ఎక్కువగా ఉన్న మట్టిలో అర అంగుళం కంటే లోతు లేకుండా కుండీలో వేయండి. ఉదయపు ఎండ మాత్రమే తగిలేచోట ఉంచండి. కొన్ని మొలుస్తాయి. సన్నని, వెండి పూత పూసినట్టున్న ఆకులు చూస్తారు. మే నెల దాటాక ఎన్ని మిగులుతాయో చెప్పడం కష్టం. మీ మనవలకు లదాఖ్ మొక్కను చూపించడానికి కుండీ చాలు. పండ్ల కోసం, కంచె కోసం మాత్రం నేలలో పెట్టకండి.

రసం మీద ఇష్టం ఉంటే అబ్బాయి సెలవులకు వచ్చేటప్పుడు తెమ్మనండి. మన విశాఖలో నౌకాదళం కోసం పరిశోధనలు చేసే డీఆర్‌డీఓకే లేహ్‌లో ఎత్తయిన ప్రాంతాల పరిశోధన కోసం మరో ప్రయోగశాల ఉంది. ఈ పండు నుంచి పానీయం తయారుచేసే పద్ధతిని రూపొందించింది ఆ ప్రయోగశాలే. పులుపు గట్టిది కాబట్టి బాగా నీళ్ళు కలిపి, బెల్లమో చక్కెరో వేసుకుని తాగాలి. మీరు గాని మీవారు గాని రక్తం గడ్డకట్టకుండా వాడే మందులు తీసుకుంటూ ఉంటే, రోజూ తాగే ముందు వైద్యుణ్ణి అడగండి. ఈ పండుకు రక్తం గడ్డకట్టే వేగాన్ని తగ్గించే గుణం కొంత ఉంటుందంటారు. విటమిన్ సి కోసమే అయితే అంత దూరం పోనక్కరలేదు. ఉసిరికాయ, జామకాయ మన పెరట్లోనే ఉన్నాయి. ఒక్క విషయంలో మాత్రం అవి సీబక్‌థార్న్‌కు సాటి రావు. దాని గుజ్జులోనూ గింజలోనూ నూనె ఉంటుంది. పండ్ల గుజ్జులో నూనె అరుదు. ఆ నూనె కోసమే ప్రపంచమంతా దాని వెంట పడుతోంది.

ఇప్పుడు మీ కంచె సంగతి.

వాక్కాయ వేయండి. ఉప్మాలోకి పచ్చడి నూరుకునే ఆ వాక్కాయే. ముళ్ళు జంటగా, గట్టిగా, అంగుళం దాటి పెరుగుతాయి. ఆకు తుంచితే పాలు కారతాయి కాబట్టి ముదిరిన పొద జోలికి పశువులు అంతగా రావు. ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది. చలికాలం చివర తెల్లని, సువాసనగల పూలు, వానాకాలంలో కాయలు. ఆడ మగ తేడా లేదు, ప్రతి పొదా కాస్తుంది. ఇసుక నేల, ఎర్ర నేల, రాళ్ళ నేల ఏదైనా సరే. నీరు నిలవకపోతే చాలు. ఎండకూ కొంత ఉప్పుకూ తట్టుకుంటుంది. పొట్టిగా, మొదట్నుంచే అనేక కొమ్మలతో పెరుగుతుంది కాబట్టి తుపాను గాలి దాన్ని పట్టి పెకలించడం కష్టం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో మహావృక్షాలు ఎలా కూలిపోయాయో మీకు చెప్పనక్కరలేదు. తీరంలో కంచె వేసేవారు ఆ రోజును దృష్టిలో పెట్టుకుని మొక్కను ఎంచుకోవాలి.

మీ మూడు వందల అడుగులకు రెండు వరుసలు కావాలి. ఒక్క వరుస అయితే కింద సందులు మిగులుతాయి, మేకపిల్ల దూరిపోతుంది. వరుసలో మొక్కకూ మొక్కకూ మూడు అడుగులు, వరుసల మధ్య రెండు అడుగులు ఉంచి, మొదటి వరుసలోని రెండు మొక్కల నడిమికి ఎదురుగా రెండో వరుస మొక్క వచ్చేలా నాటండి. వరుసకు వంద చొప్పున సరిగ్గా మీరు అనుకున్న రెండు వందలే అవుతాయి. చచ్చినవాటి స్థానంలో పెట్టడానికి మరో ఇరవై దగ్గర పెట్టుకోండి. విడివిడి గుంతల కంటే పొడవునా కందకం తవ్వడం మేలు: మూడు అడుగుల వెడల్పు, అడుగున్నర లోతు. మీది ఒట్టి ఇసుక కాబట్టి ఈ ఒక్క పనిలో పొదుపు చేయకండి. వేసవిలో చెరువు మట్టి తోలుకునే అవకాశం ఉంటే తప్పకుండా తోలించండి. చెరువు మట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, తవ్విన ఇసుక కలిపి కందకం నింపాలి. చెదలు ఉన్నచోట వేపపిండి కూడా కలపండి. ఇసుక నేలలో పోసిన నీరు నిమిషాల్లో కిందికి దిగిపోతుంది. చెరువు మట్టి కలిస్తే వేరు దగ్గరే నిలుస్తుంది. మొదటి వేసవి గట్టెక్కడం దీని మీదే ఆధారపడి ఉంటుంది.

మొక్కలు కొనవచ్చు, మీరే పెంచుకోవచ్చు. కడియం నర్సరీల్లో అడిగితే దొరుకుతాయి. తొందర లేకపోతే గింజ నుంచి పెంచమంటాను, ఖర్చు ఏమీ ఉండదు. కానీ రైతుబజారులో పచ్చడికి అమ్మే కాయలు గులాబీ రంగు తిరిగిన పచ్చికాయలు. వాటి గింజలు మొలవవు. చెట్టుమీదే నల్లగా పండి మెత్తబడిన పండ్లు తీసుకోవాలి. గుజ్జు కడిగేసి, నీడలో ఒక రోజు ఆరనిచ్చి, వెంటనే సంచుల్లో వేయాలి. ఈ గింజకు నిలవ ఉండే గుణం తక్కువ. వచ్చే ఏడాదికి దాచుకుందామంటే మొలకెత్తే శక్తి పోతుంది. రెండు మూడు వారాల్లో మొలకలు వస్తాయి. మొదటి ఏడాది నత్తనడకే, కంగారు పడకండి. మరుసటి ఏడాది తొలకరికి జానెడు పైగా ఎదిగినవాటిని కందకంలోకి మార్చండి. పెద్ద కాయల రకాలు కావాలంటే పంత్‌నగర్ విశ్వవిద్యాలయం విడుదల చేసిన పంత్ మనోహర్, పంత్ సుదర్శన్, దాపోలి వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి కొంకణ్ బోల్డ్ ఉన్నాయి. కంచెకు మాత్రం నాటు రకమే చాలు, ముళ్ళు కూడా దానికే దిట్టంగా ఉంటాయి.

అసలు కష్టమంతా మొదటి రెండేళ్ళలోనే ఉంది. లేత వాక్కాయను మేకలు తింటాయి, సందేహమే లేదు. ముళ్ళు గట్టిపడేదాకా దానికే కంచె కావాలి. పాత పద్ధతే మంచిది: కందకం బయటి అంచున తుమ్మకంప గాని రేగుకంప గాని రొమ్ము ఎత్తున గుచ్చి, పురికొసతో కట్టించండి. ఏటా వేసవి చివర కొత్త కంప వేయాలి. సర్కారు తుమ్మ కంప దగ్గరలో చవగ్గా దొరుకుతుందని వాడేటట్టయితే, కాయలున్న కొమ్మలు రాకుండా చూసుకోండి. ఆ గింజలు రాలి మొలిస్తే మీ అర ఎకరం వాటిదైపోతుంది. తొందరగా పెరుగుతుందని సర్కారు తుమ్మనే కంచెగా వేసుకోమనే సలహాదారులు కూడా ఉంటారు, వారి మాట వినకండి. సీబక్‌థార్న్ కూడా తనకు నచ్చిన చోట ఇలాంటి పనే చేస్తుంది: ఐర్లండ్ తీరపు ఇసుక దిబ్బల్లో అది స్థానిక మొక్కలను కమ్మేస్తోందని పీకించవలసి వచ్చింది.

మొక్కలు రెండు అడుగుల ఎత్తు కాగానే గుండె రాయి చేసుకుని మోకాలి కిందికి కత్తిరించండి. చూడటానికి బాధగా ఉంటుంది. కానీ కత్తిరించకపోతే మొక్క పైకి పోయి అడుగున బోసిగా మిగులుతుంది, కంచెకు కావలసింది అడుగే. మొదటి కత్తిరింపుతో మొదలు నుంచి నాలుగైదు కొమ్మలు వస్తాయి. ఆరేడు నెలల తర్వాత మరోసారి ఒక అడుగు పైన కత్తిరిస్తే పొద అల్లుకుపోతుంది. మొదటి రెండు వేసవుల్లో వారానికి ఒకసారి తడి చాలు. మొదళ్ళ చుట్టూ జీడిమామిడి ఆకో, రాలిన సరుగుడు ఆకో మందంగా పరిస్తే తడి ఆరదు. మూడో ఏట నుంచి నీళ్ళు కూడా అక్కరలేదు.

కాయలు కావాలంటే కత్తెర చేతిలో ఎప్పుడు పట్టుకోవాలో తెలియాలి. ఎప్పుడు పడితే అప్పుడు పైనుంచి సమంగా కత్తిరించే కంచెకు అందం ఉంటుంది గాని కాయ ఉండదు, ఎందుకంటే పూత వచ్చేది కొమ్మ కొసలకే. కాయలు కోశాక, భాద్రపదం ప్రాంతంలో ఏడాదికి ఒక్కసారి కత్తిరించండి. తర్వాత వచ్చే కొత్త కొమ్మలు చలికాలం చివరికి పూతకొస్తాయి. నేనైతే బయటి వైపు, అంటే దారి వైపు, నిటారుగా గోడలా కత్తిరించి, లోపలి వైపు కొమ్మలను వాటి ఇష్టానికి వదిలేస్తాను. బయట కంచె, లోపల పండ్లతోట. విడిగా స్వేచ్ఛగా పెరిగిన పొద మూడు నుంచి ఐదు కిలోల కాయలు ఇస్తుంది. ఇరుకుగా నాటిన కంచెలో అంత రాదు, అయినా రెండు వందల పొదల మీద మీ ఇంటికి, వీధికి సరిపోయేంత కాపు ఉంటుంది.

మిగిలిన కాయలను ఏం చేయాలన్నది మీరే ఆలోచించుకోగలరు; పప్పు, పచ్చడి, పులిహోర మీకు నేను నేర్పేదేముంది. ఒక్క మాట: వాక్కాయలో పెక్టిన్ బాగా ఉంటుంది కాబట్టి బయట నుంచి ఏమీ కలపకుండానే జెల్లీ గట్టిపడుతుంది. నల్లగా పండిన వాటికంటే రంగు తిరిగిన పులుపు కాయలు దీనికి మేలు. బేకరీల్లో కేకుల మీద, మిఠాయి కిళ్ళీలో కనబడే ఎర్రని చెర్రీలు చాలావరకు రంగు వేసి చక్కెర పాకంలో ఊరబెట్టిన వాక్కాయలే. గింజలు తీసే ముందు చేతులకు నూనె రాసుకోండి, పాల జిగురు అంటదు.

తూర్పు వైపు గురించి విడిగా చెప్పాలి. సముద్రపు గాలి నేరుగా వచ్చేది అటువైపే. ఆ వైపు సరిహద్దు వెంట ఒక వరుస సరుగుడు వేసి, దానికి పది పన్నెండు అడుగులు లోపలగా వాక్కాయ పెట్టండి. దగ్గరగా పెడితే నీడకూ, రాలిన ఆకు పొరకూ వాక్కాయ ఎదగదు. సరుగుడు వేళ్ళలో కూడా సీబక్‌థార్న్‌కు తోడుండే ఆ ఫ్రాంకియానే ఉంటుంది. లదాఖ్ ఇసుకలో ఆ పొద చేసే పనిని మన తీరంలో సరుగుడు చేస్తోందన్నమాట. వాక్కాయకు ఆ శక్తి లేదు, ఏటా ఎరువు మనమే ఇవ్వాలి. గట్టున రెండు మూడు గిరిపుష్పం చెట్లు పెట్టుకుని రొట్ట కోసి మొదళ్ళలో వేస్తే పశువుల ఎరువు ఖర్చు తగ్గుతుంది. సరుగుడు పెట్టడం ఇష్టం లేకపోతే మొగలి వేయవచ్చు. ఉద్దానం వైపు తీరంలో తోటల గట్ల మీద మొగలి పొదలే కంచె. ఉప్పుగాలికి బాగా తట్టుకుంటుంది, పూవు వాసన సరేసరి. కానీ అది చాలా చోటు ఆక్రమిస్తుంది, అర ఎకరంలో అంత చోటు వదులుకోగలరా అన్నది మీరు చూసుకోవాలి. గచ్చపొద కూడా తీరం మొక్కే, మేకలకు అభేద్యం. కానీ అది తీగలా పాకి పక్కవారి స్థలంలోకి పోతుంది కాబట్టి ఇంటి కంచెకు వద్దు.

దక్షిణం వైపు మేకలు నడిచే బాట మీ సరిహద్దును ఆనుకుని ఉంటే, కందకాన్ని నాలుగు అడుగులు లోపలికి జరిపి తవ్వించండి. పొద పక్కలకు విస్తరించాక ముళ్ళు బాట మీదికి వస్తాయి, కాపరులు తప్పనిసరై నరుకుతారు, అక్కడే గండి పడుతుంది. తవ్వే ముందు వారితో ఒకసారి మాట్లాడి, మీ హద్దు ఎక్కడిదాకా ఉందో, బాట ఎంత వదులుతున్నారో చూపించండి. ఈ ఏడాది తొలకరికి కందకం, కంప పనులు పూర్తిచేసి, శ్రావణంలో పండిన కాయలు సంపాదించి గింజలు వేస్తే, వచ్చే ఆషాఢానికి మొక్కలు సిద్ధంగా ఉంటాయి. అంతదాకా ఆగలేమనుకుంటే కడియం నుంచి ఏడాది వయసు మొక్కలు తెప్పించి ఈ జూలైలోనే నాటేయండి. సంచి అడుగున వేళ్ళు చుట్టుకుపోయినవి తీసుకోకండి.